రాత్రి పదకొండింటికి గ్లాసుడు నీళ్ళు తాగి చూసుకుంటున్నాను

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్ నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమెకు 33 ఏళ్ళు, పుట్టిల్లు ఒంగోలు దగ్గర, ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. ఇంట్లో భర్త, ఒకటో తరగతి బాబు, ఏడాదిలో సగం రోజులు వీళ్ళ దగ్గరే ఉండే అత్తగారు.

పోయిన వానాకాలంలో ఆమె అగర జంక్షన్ దగ్గర రోడ్డు దాటుతుంటే ఆటో ఒకటి గుంటలోంచి వెళ్ళి మురికినీళ్ళు మొహాన కొట్టింది. ముక్కులోకి కాస్త పోయినట్టనిపించింది. ఆ రాత్రే ఫోన్‌లో కేరళలో ‘మెదడును తినే అమీబా’ వార్త కనబడింది. పన్నెండు రోజులు రోజుకు మూడుసార్లు థర్మామీటరు పెట్టుకున్నారు. ఏమీ కాలేదు. హమ్మయ్య అనుకున్న వారంలోనే అగర చెరువు వాకింగ్ ట్రాక్ మీద వీధికుక్క ఒకటి వెనకనుంచి వచ్చి పిక్కను మూతితో తాకి వాసన చూసింది. తడి తగిలింది. పంటి గాటు లేదు, గీత కూడా లేదు. అయినా రేబిస్ టీకా అయిదు డోసులూ వేయించుకున్నారు. రెండు నెలల తర్వాత బాబు ప్యాంటుకు కుక్కపిల్ల రాసుకుంటూ పోయింది. బాబుకు టీకా అక్కర్లేదని ఒక డాక్టరు చెబితే, వేరే క్లినిక్‌కు వెళ్ళి ఈమే మళ్ళీ రెండు డోసులు వేయించుకున్నారు.

ఇప్పుడు వాకింగ్ లేదు. బాబు ఈత క్లాసు మాన్పించారు. పిడుదు పురుగులు కుట్టి ‘మంగన కాయిలె’ అనే అడవి జ్వరం వస్తుందని జోగ్ జలపాతం ప్రయాణం రద్దు చేశారు. బయటినుంచి రాగానే గుమ్మం ముందే డెట్టాల్‌తో కాళ్ళు చేతులు కడుగుతారు. రక్తపరీక్షలకు ఎనిమిది వేలు అయ్యాయి. గుండె దడ, వేళ్ళ చివర్లలో తిమ్మిరి, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉండటం. రేబిస్ వస్తే నీళ్ళు మింగలేరని చదివి, రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో గ్లాసుడు నీళ్ళు తాగి మింగుడుపడుతోందా అని చూసుకుంటున్నారు. భర్తను రోజుకు పది పదిహేనుసార్లు “ఏం కాదు కదా?” అని అడుగుతారు. ఆయన విసిగిపోయారు. అత్తగారు దిష్టి తగిలిందని, తాయెత్తు కట్టించుకోమని అంటున్నారు. మొన్న బాబు స్నానం చేస్తూ “అమ్మా, ముక్కులోకి నీళ్ళు పోతే చచ్చిపోతానా?” అని అడిగాడట. ఉత్తరం రాయడానికి కారణం అదే.

ఆమె ప్రశ్నలు మూడు. నాకున్నది జబ్బా, భయమా? ఒంగోలు వెళ్ళిపోతే తగ్గుతుందా? బాబును ఈతకు పంపాలా, వద్దా?

అమ్మా,

“ఏం కాదులే” అని నేను అనను. ఆ మాట మీ ఇంట్లో రోజుకు పదిహేనుసార్లు వినబడుతూనే ఉంది, పదిహేను నిమిషాలు కూడా నిలవడం లేదు. ముందు ఆ గ్లాసు నీళ్ళ సంగతి చూద్దాం. మీ కష్టమంతా అందులోనే ఉంది.

మామూలుగా నీళ్ళు తాగేటప్పుడు గొంతు సంగతి మనకు పట్టదు. మీరు పరీక్ష కోసం తాగుతున్నారు. మొదటి గుక్క సాఫీగా దిగుతుంది. అనుమానం తీరక రెండోది, మూడోది. ఆ తర్వాత నీళ్ళు లేకుండా ఉత్తి గుటకలు వేస్తారు. భయంలో నోరెండిపోతుంది, ఉన్న కాస్త ఉమ్మీ మొదటి గుటకల్లోనే అయిపోతుంది, నాలుగో అయిదో గుటక ఎవరికైనా కష్టంగానే దిగుతుంది. భయానికి గొంతు కండరాలు బిగుసుకుంటాయి కూడా. అంటే ఏ లక్షణం ఉందా అని వెతుకుతున్నారో, దాన్ని ఆ పరీక్షే పుట్టిస్తోంది.

తిమ్మిరి కూడా ఇంతే. కంగారులో మనకు తెలియకుండానే ఊపిరి వేగం పెరుగుతుంది, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, రెండు చేతుల వేళ్ళూ పెదవుల చుట్టూ జివ్వుమంటాయి. రేబిస్‌లో తిమ్మిరి కరిచిన చోట మొదలవుతుంది. మిమ్మల్ని కుక్క తాకింది పిక్క దగ్గర, తిమ్మిరి వస్తున్నది రెండు చేతులకూ. గ్రంథులు వాచాయేమోనని మెడను రోజుకు ఇరవైసార్లు నొక్కితే సాయంత్రానికి అక్కడ నొప్పి పుట్టక తప్పదు. ఒంటి వేడి తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రం ఒక డిగ్రీ ఫారన్‌హీట్ దాకా ఎక్కువగా ఉండటం ఆరోగ్యవంతుల్లో మామూలే. రోజుకు మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలు వస్తాయి, వాటిలో పెద్దదే మీకు గుర్తుండిపోతుంది.

ఇంకొకటి గమనించండి. అమీబా లక్షణాలు మొదలవడానికి పట్టేది ఒకటి నుంచి 12 రోజులు. మీరు లెక్కపెట్టిన ఆ పన్నెండు రోజులూ దాటాయి. దాటగానే భయం పోవాలి కదా? పోలేదు. పేరు మార్చుకుని కుక్క రూపంలో వచ్చింది, టీకా అయ్యాక పిడుదుల రూపంలో. ఏ జబ్బుకు ఆధారం చూపించినా తృప్తిపడకుండా ఇంకో జబ్బుకు మారుతున్న భయం ఇది. ఇలా ఆరు నెలలకు పైగా సాగితే వైద్యులు దీన్ని ఆరోగ్య ఆందోళన అనే జబ్బుగానే చూస్తారు. మీ మొదటి ప్రశ్నకు జవాబు అదే. భయమే మీ జబ్బు, అది నిజమైన జబ్బు, దానికి వైద్యం ఉంది. కడగడం, అడగడం ఎక్కువగా ఉన్నాయి కాబట్టి ఇది ఓసీడీ (ఒకే ఆలోచన, ఒకే పని మళ్ళీ మళ్ళీ వెంటాడే జబ్బు) వైపు ఉందా అన్నది మనిషిని చూసి డాక్టరు తేల్చాల్సిన విషయం.

ఇక క్రిముల సంగతి. ఒక్కసారి చెబుతాను, మీరూ ఒక్కసారే చదవండి. ప్రతి క్రిమికీ ఒంట్లోకి రావడానికి దాని దారి దానికుంటుంది. ఆ దారి తప్ప వేరే దారిన రాలేదు.

నెగ్లేరియా, అంటే మీరు వార్తలో చదివిన ఆ మెదడు తినే అమీబా, వెచ్చటి మంచినీటిలో బతుకుతుంది. దాని దారి ముక్కు ఒక్కటే. మునగడం, దూకడం, ఈత వల్ల నీళ్ళు ముక్కులోకి గట్టిగా పైకి తోసుకుపోయినప్పుడు వాసన నరం వెంబడి మెదడుకు చేరుతుంది. తాగితే రాదు, మనిషి నుంచి మనిషికి అంటుకోదు. గుంటనీళ్ళు మొహాన చిందితే మొహం కడుక్కోవడమే, ఏ పరీక్షా లేదు. కానీ ఉత్తరం నాలుగో పేజీలో ఒక మాట అలా అనేసి వదిలేశారు: అత్తగారు యోగా క్లాసులో నేర్చుకుని రోజూ ఫిల్టరు నీళ్ళతో జలనేతి (ముక్కులో నీళ్ళు పోసి కడుక్కోవడం) చేస్తారని. మొత్తం ఉత్తరంలో అమీబా విషయంలో నేను మార్చమనేది అదొక్కటే. ముక్కులోకి పోసే నీళ్ళు ఒక నిమిషం తెర్లకాచి చల్లార్చినవే అయి ఉండాలి. నేతి గిన్నె రోజూ కడిగి ఆరబెట్టాలి. ఆటో చిమ్మిన నీళ్ళకు ఆరు నెలలు ఏడ్చి, ఇంట్లో నిజంగా ఉన్న ఆ చిన్న దారిని చూడనేలేదు మీరు. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, భయం చూపు ఎక్కడ నిలుస్తుందో చెప్పడానికే అన్నాను.

రేబిస్‌ను తేలిగ్గా తీసుకోమని ఎవరూ చెప్పకూడదు. లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు లేదు. అందుకే దాని లెక్క కచ్చితంగా ఉంది. కుక్క తాకినా, వాసన చూసినా, గాయం లేని చర్మాన్ని నాకినా అది మొదటి తరగతి: సబ్బుతో కడుక్కోవడం, అంతే. రక్తం రాకపోయినా పంటి గీత, గోటి గీత పడితే రెండో తరగతి: టీకా. చర్మం తెగినా, పుండు మీద గానీ నోట్లో కంట్లో గానీ చొంగ పడినా మూడో తరగతి: టీకాతోపాటు గాయంలో ఇమ్యునోగ్లోబులిన్ (క్రిమిని వెంటనే అడ్డుకునే తయారు యాంటీబాడీల ఇంజెక్షన్). రెండు మూడు తరగతుల్లో ముందుగా ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టకూడదు. కుక్కను పది రోజులు చూద్దామని టీకా ఆపకూడదు. కుక్కపిల్లయినా ఇదే లెక్క. మీరు అయిదు డోసులూ పూర్తిచేశారు కాబట్టి, ఇకముందు ఎప్పుడైనా నిజంగా కరిస్తే మామూలుగా మొదటి రోజు ఒకటి, మూడు రోజుల తర్వాత ఇంకొకటి, రెండు డోసులు చాలు, ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. మిమ్మల్ని తాకిన మూతి, బాబు ప్యాంటుకు రాసుకున్న కుక్కపిల్ల రెండూ మొదటి తరగతే. బాబు గురించి ఆ డాక్టరు చెప్పింది సరైన మాట.

మంగన కాయిలె అంటే క్యాసనూర్ అడవి జ్వరం. 1957లో శివమొగ్గ జిల్లాలో బయటపడింది, అడవిలో పిడుదులు కుడితే వస్తుంది, కేసులు ఎక్కువగా డిసెంబరు నుంచి మే దాకా. జోగ్ వెళ్ళి రోడ్డు, మెట్లు వదలకుండా జలపాతం చూసి వచ్చేవాళ్ళకు కావలసింది పూర్తి ప్యాంటు, పురుగులు రాకుండా పూసుకునే క్రీము, రాత్రి ఒళ్ళు ఒకసారి చూసుకోవడం. అంతకుమించి ఏమీ లేదు.

ఒక్క మాట చెప్పుకోవాలి. కర్ణాటక ప్రభుత్వం 2024లో అంటువ్యాధిగా ప్రకటించింది వీటిలో దేన్నీ కాదు, డెంగీని. ఆ దోమ పగటిపూట కుడుతుంది, మీ బాల్కనీ కుండీల కింద పళ్ళెంలో నిలిచిన మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. ఆదివారం పొద్దున పది నిమిషాలు పళ్ళేలు వంచి, గరుకు పీచుతో తోమితే సరి. రోజూ చూడక్కర్లేదు. వారానికి ఒకసారి అన్న లెక్క దాటితే ఇది కూడా మీకు ఇంకో డెట్టాల్ సీసా అవుతుంది.

ఆ సీసా గురించి. మీ చేతులు పగిలి మంట పుడుతున్నాయని రాశారు. చర్మమే మనకున్న గట్టి గోడ. ఎలుక జ్వరం లాంటివి పగుళ్ళ గుండా వస్తాయి. డెట్టాల్ నేరుగా పోసుకోవడం వల్ల మీరు ఆ గోడకు బీటలు పెడుతున్నారు. బయటినుంచి రాగానే ఒకసారి, అన్నం ముందు, టాయిలెట్ తర్వాత మామూలు సబ్బుతో 20 సెకన్లు కడగండి. రాత్రి కొబ్బరినూనె గానీ వాజిలిన్ గానీ పట్టించండి. పగుళ్ళు మానాకే వేడినీళ్ళ జోలికి వెళ్ళండి.

ఇప్పుడు ఏం చేయాలి? మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి వదిలేయాలనేం లేదు.

మొదటిది, ఆరు వారాలు ఇంట్లోనే మీరు చేసుకోగలిగినది. మీ ఫ్యామిలీ డాక్టరు దగ్గర కూర్చుని ఒక అరకాగితం రాయించుకోండి. ఏయే సందర్భాల్లో డాక్టరు దగ్గరకు రావాలో అందులో ఉండాలి: పైన చెప్పిన రెండు, మూడు తరగతుల కుక్క గాయం, 100.4 దాటిన జ్వరం రెండు రోజులు తగ్గకపోతే. జ్వరంతో తీవ్రమైన తలనొప్పి, మెడ పట్టేయడం, మాట తడబడటం, ఫిట్స్ ఉంటే వెంటనే. డెంగీ కాలంలో జ్వరంతో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం ఉంటే వెంటనే. వరదనీళ్ళలో నడిచిన నెలలోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం. ఆఖరి టిటనస్ టీకా తేదీ కూడా రాసుకోండి. శుభ్రమైన గాయానికి పదేళ్ళు, మట్టి గాయానికి అయిదేళ్ళు లెక్క. కాగితం ఫ్రిజ్ మీద అంటించండి. దానిలో లేనిదానికి టెస్టు లేదు, వెతకడం లేదు, రెండో క్లినిక్ లేదు. ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒకసారి తీసుకున్న నిర్ణయాన్ని భయం పుట్టినప్పుడు మార్చకుండా ఉండటానికే ఈ కాగితం.

తర్వాత మీవారితో ఒప్పందం. ఆయన ఒక్కసారిగా జవాబు మానేస్తే గొడవలవుతాయి. మొదటి వారం రోజుకు అయిదు ప్రశ్నలు, రెండో వారం రెండు, మూడో వారం నుంచి సున్నా. ఆ తర్వాత అడిగినా ఆయన చెప్పాల్సింది ఒకటే: “నీకు భయంగా ఉందని తెలుస్తోంది. దీనికి జవాబు చెప్పనని అనుకున్నాం కదా, రా, కూర్చుందాం.” విసుగు లేకుండా చెప్పాలి, పక్కన కూర్చోవాలి. మొదటి నాలుగైదు రోజులు మీ భయం పెరుగుతుంది. అది పని చేయడం లేదనడానికి గుర్తు కాదు, కానీ ఎక్కువమంది వదిలేసేది ఆ రోజుల్లోనే.

ఆపైన అగర చెరువు. మొదట గేటు లోపల బెంచీ మీద అరగంట. నాలుగైదు రోజులు అదే. తర్వాత ఒక చుట్టు. తర్వాత వాన పడ్డ మర్నాడు తడి ట్రాక్ మీద. తర్వాత పడుకున్న కుక్కల పక్కనుంచి, మామూలు మనుషులు వదిలే దూరంలో. ప్రతి మెట్టు దగ్గరా భయం ఎంతుందో పదికి ఒక అంకె వేసుకోండి. అది సగానికి దిగేదాకా అక్కడినుంచి కదలకండి. చాలామందికి అరగంట, ముప్పావుగంటలో దిగుతుంది. ఎనిమిదిలో ఉండగా ఇంటికి పరుగెడితే, పారిపోయాను కాబట్టే బతికానని మనసు రాసిపెట్టుకుంటుంది, మర్నాడు గేటు దాకా కూడా రానివ్వదు. ముక్కుకు మాస్కు, సంచిలో డెట్టాల్ తుండుగుడ్డ, ఫోన్‌లో మీవారు లైనులో ఉండటం కూడా పారిపోవడం కిందే లెక్క. వారానికోసారి రెండు గంటలు చేసేకన్నా రోజూ అరగంట మేలు. పిల్లలున్న కుక్క దగ్గరకు పోకుండా ఉండటం, కుక్క మొరిగితే పరుగెత్తకుండా నిలబడటం మాత్రం భయం కాదు, బుద్ధి.

రాత్రి నీళ్ళ పరీక్ష, థర్మామీటరు, మెడ నొక్కుకోవడం ఇవి మూడూ ఒకే రోజు మానడం కష్టం. థర్మామీటరు అత్తగారి బీరువాలో పెట్టించండి, అది తేలిక. నీళ్ళ పరీక్ష చివరికి ఉంచుకోండి. చేయాలనిపించినప్పుడు ముందు పది నిమిషాలు వాయిదా, వారం తర్వాత అరగంట. వాయిదాలోనే సగం సార్లు అది ఆగిపోతుంది.

రెండో దారి సైకాలజిస్టు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు, మామూలుగా వారానికొకటి చొప్పున 12 నుంచి 16 సిట్టింగులు. వెళ్ళే ముందు ఒక ప్రశ్న అడగండి: “భయపడే చోటికి తీసుకెళ్ళి, చెక్ చేసుకోకుండా ఆపే పద్ధతి మీరు చేయిస్తారా?” కేవలం ధైర్యం చెప్పి పంపేవారైతే మీకు ఇంకో భర్త దొరికినట్టే, పని జరగదు. మీకు హొసూరు రోడ్డు మీద మానసిక వైద్యం చేసే నిమ్‌హాన్స్ ఆసుపత్రి దగ్గరే. తెలుగులో మాట్లాడేవారు కావాలని రిజిస్ట్రేషన్ దగ్గరే అడగండి, భయం గురించి మనం పుట్టిన భాషలోనే సరిగ్గా చెప్పగలం. అక్కడ వేచి ఉండాలి, ప్రైవేటులో డబ్బు అవుతుంది. ఈలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా, ఏ వేళనైనా, తెలుగులో మాట్లాడొచ్చు. ఏం కాదు కదా అని అడగడానికి కాకుండా, ఏం చేయాలో అడగడానికి చేయండి.

మూడోది మందు. సెర్‌ట్రలిన్, ఫ్లుఓక్సెటిన్ లాంటివి సైకియాట్రిస్టు రాస్తారు. పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రెండు వారాల్లో వికారం, కాస్త అలజడి రావచ్చు, మీలాంటి వారు దాన్నే కొత్త జబ్బనుకుని మానేస్తారు. ఆ సంగతి డాక్టరుకు ముందే చెబితే చిన్న డోసుతో మొదలుపెడతారు. తగ్గిందని సొంతంగా ఆపేయకూడదు. అల్ప్రాజొలామ్ లాంటి మాత్రలు గంటలో హాయినిస్తాయి, అందుకే అలవాటూ అవుతాయి. వాటిని అడిగి తీసుకోకండి. నిద్ర లేక ఆఫీసు పోతున్నా, బతుకు మీద విసుగు పుడుతున్నా ఆరు వారాలు ఆగకుండా నేరుగా సైకియాట్రిస్టు దగ్గరకే వెళ్ళండి.

ఒంగోలు సంగతి. అమ్మ దగ్గర ఉండాలని, ఇక్కడి అద్దె బరువని వెళ్ళాలనుకుంటే అది వేరే లెక్క. ఈ భయం తగ్గడానికైతే, అక్కడా వీధికుక్కలున్నాయి, చెరువులున్నాయి, నీళ్ళు ఇక్కడికన్నా వెచ్చనివి. మొదటి నెల తేలికగా ఉంటుంది, తర్వాత భయం కొత్త ఊళ్ళో కొత్త పేరు వెతుక్కుంటుంది. అప్పుడు ఉద్యోగమూ ఉండదు, నిమ్‌హాన్స్ కూడా దూరం. ఈ నిర్ణయం ఆరు నెలలు వాయిదా వేయండి. తాయెత్తు కట్టుకుంటే అత్తగారి మనసు కుదుటపడుతుందంటే కట్టుకోండి. చెరువు దగ్గరకు వెళ్ళేటప్పుడు మాత్రం తీసి వెళ్ళండి, లేకపోతే మాస్కులాగే అది కూడా మీ తరఫున నడుస్తుంది.

బాబును ఈతకు పంపండి. క్లోరిన్ సరిగ్గా ఉన్న కొలనులో ఈ అమీబా బతకదు. క్లోరిన్ కనీసం 1 పీపీఎం ఉండాలి, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య. మీ అపార్ట్‌మెంట్ పూల్ రిజిస్టరులో రోజువారీ అంకెలు రాస్తున్నారో లేదో నెలకు ఒకసారి చూడండి. కొలను అడుగు స్పష్టంగా కనబడకపోయినా, నీళ్ళు పచ్చగా మసకగా ఉన్నా ఆ రోజుకు పంపకండి. మొదటి రెండు వారాలు మీవారు తీసుకెళ్తే బాబుకు మీ మొహంలో భయం కనబడదు, మీకు మాత్రం ఇంట్లో ఆ గంట నరకమే. మీరే వెళ్ళి గట్టు మీద కూర్చుంటే మీకు అదే సాధన అవుతుంది. కానీ “జాగ్రత్త, ముక్కు మూసుకో” అని ఒక్కసారి కూడా అనకుండా ఉండగలగాలి. ఉండలేననిపిస్తే మొదట ఆయన్నే పంపండి. ఇక వాడడిగిన ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నారు మీరు. “చచ్చిపోవు నాన్నా. మన పూల్ నీళ్ళలో మందు వేస్తారు. అమ్మకు ఈమధ్య భయం ఎక్కువైంది, తగ్గించుకుంటోంది” అని చెప్పండి. ఒక్కసారి చెప్పి, తువ్వాలుతో తల తుడిచి, మాట మార్చేయండి.

ఈ సమాధానాన్ని ఫోన్‌లో దాచుకుని భయమేసినప్పుడల్లా తీసి చదవకండి. కావలసినవి అరకాగితం మీదికి ఎక్కించాక దీన్ని పక్కన పడేయండి. ఈ రాత్రికి వేరే ఏమీ మొదలుపెట్టవద్దు. పదకొండింటికి వంటింట్లోకి వెళ్ళాలనిపిస్తే గడియారం చూసుకుని పది నిమిషాలు మంచం మీదే కూర్చోండి. ఆ తర్వాత నిజంగా దాహం వేస్తే లేచి తాగండి.